షట్‌డౌన్ రాబోతోందని ముందే పసిగట్టడం ఎలా?

వయసు 34. నాలుగు నెలల క్రితం ఆటిజం లెవెల్ 1, అంటే తక్కువ సాయం అవసరమయ్యే స్థాయి, అని తేలింది (ఏడాస్-2 మాడ్యూల్ 4 అనే ఆటిజం పరీక్ష చేశారు, దాంతోపాటు చిన్నతనం గురించి ఇంట్లోవాళ్లని అడిగారు). రిపోర్టు చేతిలో పెట్టారు, అక్కడితో సరి.

వారంలో మూడు నాలుగు రోజులు, వరుసగా రెండు మీటింగులు అయ్యాక షట్‌డౌన్ అవుతున్నాను, అంటే మాట ఆగిపోతోంది. చెప్పాల్సింది తెలుసు, నోటిదాకా రాదు. గంట నుంచి రెండు గంటలు అంతే. ట్యూబ్‌లైటు వెలుగు కూడా భరించలేను. గుండెదడ, భయం లేవు. ప్యానిక్ ఎటాక్ కాదని డాక్టరే అన్నారు.

నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు పెట్టి చూశాను. ఏసీ రొద పోయింది గానీ పక్కవాళ్ల మాటలు ఇంకా తేటగా వినిపిస్తున్నాయి. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు పెడితే నా గొంతు నా తలలోనే మోగుతుంది. సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల థెరపీ) 8 సెషన్లు అయ్యాయి. "ఆ క్షణంలో ఏమనిపించింది, పదికి ఎంత?" అని ప్రతిసారీ రాయమనేవారు, నా గడి ఖాళీ. అలెక్సిథైమియా (తన భావాలేంటో తనకే తెలియకపోవడం) ఉన్నవాళ్లకి ఆ షీటు ఎందుకిస్తారో!

తర్వాత రెండు వారాలు గంటకోసారి అలారం పెట్టి ఒంట్లో ఎలా ఉందో రాసుకున్నాను. మోగినప్పుడల్లా "బాగానే ఉంది". అలా రాసిన ఇరవై నిమిషాలకే నోరు పెగలని రోజులున్నాయి. ఆకలి, దాహం కూడా నాకు ఆఖరి నిమిషం దాకా తెలియవు, కాబట్టి లోపలి కబురు నమ్ముకుని లాభం లేదు.

ఇలాగే ఒంటి సంకేతాలు అందనివాళ్లు, బయటికి కనిపించే ఏ గుర్తు (టైపింగ్ తప్పులు, నడక, ఇంకేదైనా) పట్టుకుని షట్‌డౌన్‌కి ముందే లేచి వెళ్లగలుగుతున్నారు?