శ్రీశైలం నుంచి అలంపురం దాకా కారులో నాలుగు రోజులు: అమ్మ మోకాళ్ళు, పిల్లలు, అయిదు క్షేత్రాలు. ప్లాన్ చూసి చెప్పండి

ఎల్బీనగర్_వాసి:

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో మా ఎర్టిగాలో క్షేత్రాలు తిరిగి రావాలనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, అమ్మా నాన్నా, పదకొండేళ్ళ పాప, అయిదేళ్ళ బాబు. డ్రైవింగ్ నేనొక్కడినే. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, మెట్లంటే పట్టుకోవడానికి పక్కన ఏదో ఒకటి ఉండాలి. బాబుకి ఘాట్ రోడ్డు మొదలైతే చాలు, వాంతులు.

ఎవరి కోరిక వాళ్ళది. అమ్మకి శిఖర దర్శనం, మహానంది కోనేట్లో స్నానం. నాన్న ఎప్పటినుంచో అలంపురం అలంపురం అంటున్నారు. మా ఆవిడ పుట్టింటివాళ్ళ ఇలవేల్పు అహోబిలం స్వామి, దాన్ని తీసేసే ధైర్యం నాకు లేదు. యాగంటి నా ముచ్చట.

శుక్రవారం ఆఫీసు అయ్యాక సాయంత్రం 6కి బయల్దేరి రాత్రికి శ్రీశైలం. శనివారం పొద్దున దర్శనం, మధ్యాహ్నానికి మహానంది, సాయంత్రం అహోబిలం. ఆదివారం యాగంటి, మంత్రాలయం. సోమవారం అలంపురం చూసుకుని ఇంటికి. మ్యాపులో చూస్తే రోజుకి అయిదారు గంటలకి మించి డ్రైవింగ్ లేదు. కుదురుతుందంటారా?

నంద్యాల_అల్లుడు:

మ్యాపు కిలోమీటర్లు చెప్తుంది గానీ గేట్ల సంగతి చెప్పదు కదండీ. మన్ననూరు దగ్గర ఫారెస్టు చెక్‌పోస్టు రాత్రి 9కి మూసేస్తారు, మళ్ళీ తెల్లారి 6కే తీస్తారు. శుక్రవారం సాయంత్రం 6కి ఎల్బీనగర్‌లో బయల్దేరితే ఆ ట్రాఫిక్‌లోంచి బయటపడి 9 లోపు మన్ననూరు చేరడం కష్టం. ఆలస్యమైతే అమ్మగారితో, పిల్లలతో రాత్రంతా అక్కడే పడి ఉండాలి. అది పులుల అభయారణ్యం, బతిమాలితే వదలరు. అవతల దోర్నాల వైపు కూడా ఇదే టైము.

ఇక రెండో గేటు గుళ్ళది. మధ్యాహ్నం నడి ఎండలో అహోబిలం చేరితే తలుపులు వేసే ఉంటాయి. కాబట్టి ముందు ఈ టైములు రాసుకుని, వాటి మధ్యలో డ్రైవింగ్ ఇరికించండి. మంత్రాలయం తీసేయండి. అటు ఓ మూలకి ఉంది, ఇంకోసారి విడిగా వెళ్ళొచ్చు. శని, ఆది, సోమవారాల్లో శ్రీశైలంలో జనం ఎక్కువ. పిల్లలకి ఎలాగూ బడి మానిపిస్తున్నారు కదా, బుధవారం బయల్దేరండి.

బుధవారం తెల్లవారుజామున 5కి బయల్దేరితే అడవి పగటి వెలుగులో దాటతారు, పదకొండుకల్లా శ్రీశైలంలో ఉంటారు. మధ్యాహ్నం అమ్మగారు నడుం వాలుస్తారు, సాయంత్రం నింపాదిగా దర్శనం. గురువారం టిఫిన్ చేసి దోర్నాల రోడ్డు పట్టండి. సాక్షి గణపతి, హఠకేశ్వరం, శిఖరం మూడూ ఆ రోడ్డుమీదే వస్తాయి. ముందురోజు వాటికోసం ప్రత్యేకంగా ఆటో మాట్లాడుకోనక్కర్లేదు. శిఖరం దగ్గర మాత్రం మెట్లున్నాయి. అమ్మగారు నెమ్మదిగా ఎక్కి, నందిని తిప్పి కొమ్ముల మధ్యనుంచి గోపురం చూసేదాకా వెనక లైన్లోవాళ్ళు తొందరపెడుతూనే ఉంటారు, పట్టించుకోకండి.

దోర్నాల నుంచి ఆత్మకూరు మీదుగా నంద్యాల. మళ్ళీ అడవే, రోడ్డు సన్నం, ఫోన్ సిగ్నల్ ఉండదు. నంద్యాలలో రెండు రాత్రులకి ఒకే లాడ్జి తీసుకోండి. నా సలహా మొత్తంలో అసలు ముక్క ఇదే. రోజూ సామాన్లు దింపి ఎక్కించే పని తప్పితే సగం అలసట పోతుంది. మహానంది అక్కడికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ఆ సాయంత్రమే వెళ్ళొచ్చు.

శుక్రవారం పొద్దున్నే అహోబిలం. ఎగువ అహోబిలానికి ముందు వెళ్ళండి, గుడి దాకా కారు పోతుంది. దారిలో రోడ్డు పక్కనే కారంజ నరసింహుడు, చేత విల్లు పట్టుకుని ఉంటాడు, దిగి దణ్ణం పెట్టుకోవచ్చు. జ్వాలా నరసింహం, ఉగ్రస్తంభం మీ ఇంటివాళ్ళతో వద్దు, బండలమీద ఎక్కాలి. డోలీవాళ్ళు అడుగుతారు గానీ ఆ దారిలో డోలీలో కూర్చోవడానికీ గుండె కావాలి. దిగువలో ప్రహ్లాదవరదుణ్ణి, ఛత్రవట, యోగానంద నరసింహులని కారులోనే చూసుకోవచ్చు. నవ నారసింహుల్లో నాలుగు చోట్ల దర్శనమైతే చాలదా? భోంచేసి ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల, బనగానపల్లె మీదుగా సాయంత్రానికి యాగంటి. రాత్రికి మళ్ళీ నంద్యాల.

స్టీరింగ్_అత్తమ్మ:

అల్లుడుగారు దారి చెప్పారు, నేను లోపలి సంగతులు చెప్తాను బాబూ.

శ్రీశైలంలో స్పర్శ దర్శనం కావాలంటే మగవాళ్ళు పంచె కట్టుకోవాలి, ఆడవాళ్ళు చీర గానీ చున్నీతో చుడీదార్ గానీ వేసుకోవాలి. పంచెలు పెద్ద బ్యాగు అడుగున కాకుండా చేతి సంచిలో పెట్టండి. రద్దీ రోజుల్లో స్పర్శ దర్శనం ఆపేస్తారు, అందుకే వారం మధ్యలో వెళ్ళమనేది. టికెట్లు, గది ఆన్‌లైన్లో ముందే చూసుకోండి.

పిల్లాడికి బయల్దేరేముందు పాలు పట్టకండి. ఒక ఇడ్లీ చాలు. ఫోను ఇవ్వొద్దు, మధ్య సీట్లో కూర్చోబెట్టి రోడ్డు చూడమనండి. డ్యామ్ దగ్గరికి దిగే మలుపులు, మళ్ళీ సున్నిపెంటకి ఎక్కే మలుపులు, అసలు కష్టం అక్కడే. దానికి ముందు వటవర్లపల్లిలో ఒక పావుగంట ఆగండి, టీ దొరుకుతుంది. అడవి మధ్యలో మాత్రం కారాపి కోతులకి అరటిపళ్ళు ఇవ్వనీయకండి, ఫైను వేస్తారు. మంచినీళ్ళకి స్టీలు సీసాలు పట్టుకెళ్ళండి, ఆ అడవిలో ప్లాస్టిక్ నిషేధం.

మహానంది స్నానం గురించి. చలికాలంలో ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, అమ్మకి ఇబ్బంది లేదు. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే అడుగున పడ్డ రూపాయి బిళ్ళ బొమ్మా బొరుసూ తెలుస్తుంది. లోపల లింగం కిందనుంచి ఊరే నీళ్ళే ఇవి, బయటికి పారి చుట్టూ అరటితోటల్ని తడుపుతాయి. కోనేటి మెట్లు మాత్రం జారుతాయి. ఆవిణ్ణి మీ ఆవిడ ఒక పక్క, మీ పాప ఒక పక్క పట్టుకోవాలి. మార్చుకునే బట్టలు కారులో వదిలేసి రావద్దు.

చరిత్ర_పిచ్చోడు:

మీ నాన్నగారికి నా ఓటు. అలంపురాన్ని ఇంటికెళ్ళే దారిలో తొందరగా చూసేసే లెక్కలో పెట్టకండి. నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవి, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. పేరు బ్రహ్మది గానీ అన్నిట్లోనూ ఉన్నది శివుడే. బాలబ్రహ్మేశ్వరుడి దర్శనం, జోగులాంబ దర్శనం అయ్యాక మిగతా గుళ్ళ చుట్టూ నడవాలి. గవాక్షాలు, స్తంభాలు చూస్తూ నాన్నగారికి ఇట్టే రెండు గంటలు గడిచిపోతాయి. జోగులాంబ గుడి మాత్రం కొత్తది, 2005లో పునర్నిర్మించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం కూడా చూడండి. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ కట్టారు. భ్రమరాంబ, జోగులాంబ ఇద్దరూ అష్టాదశ శక్తిపీఠాల్లోవాళ్ళే, ఒక్క ప్రయాణంలో రెండు పీఠాలవుతాయి.

నేనైతే యాగంటి వదిలేసి శుక్రవారం రాత్రికే కర్నూలు చేరతాను.

నంద్యాల_అల్లుడు:

యాగంటి ఎలా వదిలేస్తారండీ, ఆయన ముచ్చటే అది! అక్కడ అసలు గుడికి మెట్లు తక్కువే, అమ్మగారికి కుదురుతుంది. వెంకటేశ్వర స్వామి గుహ, అగస్త్య గుహ మాత్రం నిటారు మెట్లు, వాటికి పాపని తీసుకుని ఆయన ఒక్కరే ఎక్కితే చాలు. నంది పెరుగుతోందన్న కథ, కాకులు రావన్న కథ పిల్లలకి ముందే చెప్పి తీసుకెళ్ళండి, వచ్చేదాకా ఆకాశంలో కాకుల్నే వెతుకుతారు. శనివారం నంద్యాలలో 7కి బయల్దేరితే కర్నూలు మీదుగా పదికల్లా అలంపురం. మధ్యాహ్నం తలుపులు వేసేలోపు చరిత్రగారి రెండు గంటలూ వస్తాయి, చీకటిపడక ముందే 44వ నంబరు హైవే మీదుగా ఇల్లు చేరతారు.

ఎల్బీనగర్_వాసి:

అందరికీ థ్యాంక్స్. బుధవారానికి మార్చేశాం, మంత్రాలయం తీసేశాం, నంద్యాలలో రెండు రాత్రులకి లాడ్జి మాట్లాడాను. ఉగ్రస్తంభం వద్దని మా ఆవిడకి చెప్పే పని నాన్న తీసుకున్నారు. ఒక్కటే మిగిలింది: అమ్మ మహానంది స్నానం తెల్లవారుజామునే కావాలంటోంది. శుక్రవారం పొద్దున అక్కడ మునిగి, మధ్యాహ్నం మూసేలోపు ఎగువ అహోబిలం అందుకోగలమా?

నంద్యాల_అల్లుడు:

6కల్లా కోనేట్లో దిగి, 7:30కి మహానందిలో బండి కదిలితే పదిలోపు ఎగువలో ఉంటారు. టిఫిన్ మాత్రం కారులోనే. పిల్లాడికి ఆ ఒక్క ఇడ్లీ గుర్తుంది కదా.