కొరియా తరహా బీఫ్ రైస్ బౌల్: విజయవాడ, గుంటూరుల్లో దొరికే సరుకులతో అరగంటలో చేయడం ఎలా?

ప్రశ్న (పటమట, విజయవాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఉద్యోగరీత్యా కొంతకాలం దక్షిణ కొరియాలో ఉండి ఈమధ్యనే తిరిగి వచ్చాడు. అక్కడ మధ్యాహ్న భోజనంలో లోతైన గిన్నె నిండా వేడి అన్నం పెట్టి, దానిపై సోయా సాస్, వెల్లుల్లి, కొంచెం తీపి పట్టించి వేయించిన బీఫ్ పరిచి, ఉల్లికాడలు, నువ్వులు చల్లి ఇచ్చేవారట. వాడికి అది ఎంతో ఇష్టం. ఆఫీసు నుంచి ఇంటికి చేరాక అరగంటలో అలాంటిది చేసిపెట్టగలిగితే బాగుంటుందని నా కోరిక.

ఇంటర్నెట్‌లో కనిపించే పద్ధతులన్నీ కొవ్వు బాగా ఉన్న కీమా, బ్రౌన్ షుగర్, వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె, గోచుజాంగ్ అనే పులియబెట్టిన కారం ముద్ద ఇంట్లో ఉన్నాయనుకొని రాసినవే. మన దగ్గర దొరికే పెద్ద మాంసం ముదురుగా ఉంటుంది. కీమా కొట్టించి పెనం మీద వేస్తే నీరు వదిలి ఉడుకుతుందే తప్ప వేగదు. ఆ నీరు రాకుండా ఏం చేయాలి? గోచుజాంగ్ లేకుండా ఇది కుదురుతుందా? మన కారం ఎంత వేయాలి? మన బియ్యంతో వండిన అన్నం చెంచాకు ముద్దగా రావాలంటే ఏ మార్గం ఉంది? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు నుంచి)

అమ్మా, మీ తమ్ముడు తిన్నది బుల్గోగి దొప్‌బాప్, అంటే సోయా సాస్ పట్టించి వేయించిన బీఫ్ (బుల్గోగి) పైన పరిచిన అన్నం అయి ఉంటుంది. అసలైన బుల్గోగికి గోచుజాంగ్ అవసరమే లేదు. సోయా సాస్, వెల్లుల్లి, తీపి, నువ్వుల సువాసన, ఈ నాలుగింటి పొందికే దాని రుచి. అందువల్ల ఆ ముద్ద దొరకలేదని మీరు ఆగనవసరం లేదు. అక్కడ వాడేది పలుచగా కోసిన ముక్కలు. కీమాతో చేసేది దానికి అమెరికాలో బాగా ప్రచారమైన తొందర పద్ధతి. పని దినాలకు కీమాయే మేలని నా అభిప్రాయం.

ముందు మాంసం సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ వంట నిలిచేదీ పడిపోయేదీ అక్కడే. కొరియావారు గొప్పగా చెప్పుకొనే హన్‌వూ జాతి పశువుల మాంసంలో కొవ్వు సన్నని గీతలుగా కండ అంతటా పరచుకొని ఉంటుంది. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ప్రకారం గోవధ నిషిద్ధం. మన దుకాణాల్లో దొరికేది ఎక్కువగా గేదె మాంసం, దానిలో ఆ కొవ్వు ఉండదు. కాబట్టి కొవ్వు లోటును నూనెతో మనమే పూడ్చాలి. అర కిలో కీమాకు రెండు పెద్ద చెంచాల నూనె తప్పనిసరి.

నీరు వదలడానికి ముఖ్య కారణం మనం కడిగే తీరు. మనలో చాలామంది కీమా కొట్టించుకొని వచ్చి ఇంట్లో కడుగుతారు, సన్నగా తరిగిన మాంసం ఆ నీటిని పట్టుకొని వదలదు. దానికి బదులు ముక్కగా ఉన్నప్పుడే దుకాణంలో కడిగించి, తడి లేకుండా తుడిపించి, ఆ తరువాతే మిషన్‌లో కీమా కొట్టించండి. గేదె మాంసమైతే మిషన్‌లో రెండుసార్లు కొట్టమని అడగండి, పీచు తెగి త్వరగా మెత్తబడుతుంది.

బరువైన, వెడల్పాటి ఇనుప మూకుడును బాగా కాలనిచ్చి, నూనె వేసి, కీమాను రెండు విడతలుగా పరచండి. ఒకేసారి అంతా కుమ్మరిస్తే మూకుడు చల్లబడి మళ్లీ ఉడుకే అవుతుంది. పరచిన తరువాత గరిటెతో అదిమి, రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయాలి. మొదట నీరు మరుగుతున్న బుసబుస శబ్దం వినిపిస్తుంది. ఆ నీరు ఇగిరిపోయాక అది చిటపటలుగా మారుతుంది. శబ్దం మారిన తరువాతే అడుగు ఎర్రబడటం మొదలవుతుంది, మాంసానికి అసలు రుచి వచ్చేది కూడా అప్పుడే. అప్పటివరకు ఉప్పు గాని, పసుపు గాని, సోయా సాస్ గాని వేయకండి. ఉప్పు తగిలితే మాంసం ఇంకా నీరు వదులుతుంది. లోపల ఎక్కడా గులాబీ రంగు మిగలకుండా వేగాక, సన్నగా తరిగిన ఆరు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం తురుము వేసి అర నిమిషం మాత్రమే తిప్పండి.

అర కిలోకు నాలుగు పెద్ద చెంచాల సోయా సాస్, రెండు పెద్ద చెంచాల బెల్లం పొడి, అర గ్లాసు నీరు ముందే కలిపి వడకట్టి ఉంచుకోవాలి. బ్రౌన్ షుగర్‌కు వెదకవలసిన పని లేదు, బెల్లం దానికంటే నిండైన రుచి ఇస్తుంది. ఈ మిశ్రమం పోసి, నీరంతా ఇగిరి కీమాకు మెరుపుగా పట్టేవరకు పెద్ద మంట మీదనే ఉంచండి. వేరే ఉప్పు వేయవద్దు. చైనీస్ నూడుల్స్‌కు వాడే చిక్కటి నల్ల సోయా సాస్‌లో రంగు, పులుపు కలిపి ఉంటాయి కాబట్టి, సోయా, గోధుమ, ఉప్పు, నీరు మాత్రమే రాసి ఉన్న పులియబెట్టిన రకం కొనండి. గరం మసాలా, ధనియాల పొడి, కొత్తిమీర వేస్తే అది మనకు తెలిసిన కీమా కూరే అవుతుంది. దయచేసి ఆ చెయ్యిని ఈ ఒక్క పూటకు ఆపుకోండి.

కొరియాలో వాడే నువ్వుల నూనె వేయించిన నువ్వుల నుంచి తీసింది. మన గానుగ నూనె పచ్చి నువ్వులది, దానికి ఆ సువాసన ఉండదు. రెండు చెంచాల నువ్వులను దోరగా వేయించి, సగం బరకగా నూరి, పొయ్యి కట్టేశాక ఒక చెంచా గానుగ నూనెతో పాటు కలపండి. ఆ మిగతా సగం గిన్నెలో పైన చల్లడానికి.

జవాబు (గుంటూరు నుంచి, మిర్చి వ్యాపారం చేసే కుటుంబం)

పైవారు చెప్పిన పద్ధతితో పూర్తిగా ఏకీభవిస్తూ, కారం గురించి మాత్రమే రాస్తున్నాను. కొరియావారి ‘గోచుగారు’ అనే బరక కారంపొడి ఎర్రగా నిగనిగలాడుతుంది గాని ఘాటు చాలా తక్కువ. మన తేజ రకం కారంపొడిని అదే కొలతలో వేస్తే ఆ గిన్నెలో తీపి గాని, నువ్వుల వాసన గాని నాలుకకు తెలియవు. సన్నం రకం కూడా దీనికి ఎక్కువే. బ్యాడిగి మిరపకాయలు తీసుకోండి. తొడిమ తీసి, నిలువుగా చీల్చి, గింజలను, అవి అంటి ఉండే తెల్లటి పొరను తీసేయండి. ఘాటు ఎక్కువగా ఉండేది ఆ పొరలోనే. కాయలను ఎండలో గలగలలాడేలా ఎండబెట్టి, మెత్తటి పొడిగా కాకుండా బరకగా పట్టండి. అర కిలో కీమాకు ఒక చిన్న చెంచా చాలు. ఇంట్లో కారం తక్కువని ఎవరైనా అంటే మిరప తునకలు పైన చల్లుకోవచ్చు, వంటలో మాత్రం పెంచవద్దు.

గోచుజాంగ్ విషయానికి వస్తే, కారంపొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా పొడి, మొలకెత్తించిన బార్లీ, ఉప్పు కలిపి జాడీల్లో నెలల తరబడి మాగబెట్టేది అది. కొరియా వారి ఈ జాంగ్ (సోయా పులియబెట్టి చేసే ముద్దలు, సాస్‌లు) తయారీ సంప్రదాయానికి 2024లో యునెస్కో గుర్తింపు కూడా లభించింది. కారంపొడిలో బెల్లం, సోయా సాస్ కలిపి ముద్ద చేస్తే రంగు వస్తుంది తప్ప ఆ మాగిన రుచి రాదు కాబట్టి ఆ ప్రయత్నం అనవసరం. కావాలంటే ఆన్‌లైన్‌లో ఎర్ర డబ్బా ఒకటి తెప్పించుకొని ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నెలల పాటు నిలుస్తుంది. దానిని వాడిన రోజున సోయా సాస్ ఒక చెంచా తగ్గించండి.

జవాబు (తెనాలి నుంచి)

అన్నం గురించి నేను చెబుతాను. కొరియా బియ్యం పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, దానిలో అమైలోజ్ అనే పిండి పదార్థం తక్కువ కాబట్టి మెతుకులు అంటుకొని ఉంటాయి. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన మన సాంబ మసూరిలో అది ఎక్కువ కావడం వల్లనే అన్నం పొడిపొడిగా వస్తుంది, మనకు పప్పుకూ పులుసుకూ అదే కావాలి. అయితే అదే బియ్యం కొత్తగా ఉన్నప్పుడు మెత్తగా, ముద్దగా ఉడుకుతుంది. ఏడాది పాత బియ్యానికి ఎక్కువ ధర పెట్టే మనం, ఈ ఒక్క వంటకు మాత్రం సంక్రాంతి ముందు వచ్చే కొత్త బియ్యమే కోరుకోవాలి. గంజి వార్చకుండా అత్తెసరుగా వండండి. గ్లాసు కొత్త బియ్యానికి గ్లాసున్నర నీరు సరిపోతుంది. అరగంట నానబెట్టి, ఉడికిన తరువాత మూత తీయకుండా పది నిమిషాలు మగ్గనిస్తే చెంచాతో తీసినప్పుడు ముద్దగా నిలుస్తుంది. ఆఫీసు నుంచి రాగానే బియ్యం నానబోసి ఆ తరువాత మిగతా పని మొదలుపెట్టండి. నానబెట్టడం, ఉడకడం కలిపితే అరగంట దాటుతుంది కాబట్టి, మరీ తొందరగా ఉన్నప్పుడు ఉదయమే కడిగి నీరు వార్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

జవాబు (గవర్నర్‌పేట, విజయవాడ నుంచి)

మా ఇంట్లో పెద్ద మాంసం తినరు కాబట్టి మేకపోతు కీమాతో చేస్తాం. దానిలో కొవ్వు ఉంటుంది గనుక నూనె ఒక చెంచా చాలు. చికెన్ కీమా త్వరగా ఎండిపోతుంది, మాంసం వేగే సమయాన్ని సగానికి తగ్గించాలి. పూర్తి శాకాహారులు సన్నటి మీల్‌మేకర్‌ను వేడినీటిలో నానబెట్టి, గట్టిగా పిండి, ఇదే విధంగా వేయించవచ్చు, నూనె మాత్రం ధారాళంగా పట్టాలి.

దీనికి పక్కన పచ్చిది ఏదో ఒకటి తప్పక ఉండాలని నాకు గట్టి నమ్మకం. కీరా దోసకాయను పలుచని చక్రాలుగా కోసి, చిటికెడు ఉప్పు, చిటికెడు పంచదార, ఒక చెంచా వెనిగర్ కలిపి, మాంసం వేగుతున్నంతసేపు పక్కన పెడితే చాలు. తీపి, ఉప్పు నిండిన కీమా తినేటప్పుడు ఆ పులుపు నాలుకను మళ్లీ తేలిక చేస్తుంది. మీద ఒక ఒంటి కన్ను గుడ్డు, సొన గట్టిపడకుండా వేసి పెడితే పిల్లలు మారు అడుగుతారు.

ప్రశ్న అడిగినవారు (పటమట నుంచి)

అందరికీ కృతజ్ఞతలు. కడిగే తీరులోనే నీరు పట్టుకుంటుందని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మరొక్క సందేహం: రాత్రి మిగిలినదానిని మరునాడు తమ్ముడు క్యారేజీలో తీసుకువెళ్లవచ్చా?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు నుంచి)

తీసుకువెళ్లవచ్చు, అమ్మా, కాని అన్నం విషయంలో జాగ్రత్త అవసరం. వండిన అన్నాన్ని మన ఊళ్ల వేడిలో రాత్రంతా గట్టు మీద ఉంచితే, ఉడికినా చావని కొన్ని బాక్టీరియా బీజాలు మొలకెత్తి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకని తినగానే అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరచి చల్లార్చి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. ఉదయం అన్నం, కీమా రెండూ పొగలు వచ్చేలా వేడి చేసి, వేడిని పట్టి ఉంచే స్టీలు క్యారేజీలో పెట్టి పంపండి. వేసవిలో మాత్రం ఉదయమే అన్నం తాజాగా వండి, రాత్రి కీమాను దానిపై వేసి పంపడమే నేను సిఫారసు చేస్తాను. కీరా ముక్కలను వేరే డబ్బాలో పెట్టండి, గుడ్డు పెట్టదలిస్తే సొన పూర్తిగా ఉడికినదే పెట్టండి.