రౌటర్‌లో పెట్టిన వడపోతను మా అబ్బాయి ఫోను దాటిపోతున్నది, ఏం చేయాలి?

మాది కడప. ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి చూడకూడని సైట్లు తెరవకుండా ఇంటి రౌటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరును బట్టి దాని అంకెల చిరునామాను వెతికిపెట్టే సేవ) చిరునామాలను, అటువంటి సైట్లను అడ్డుకునే క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ వారి 1.1.1.3, 1.0.0.3గా మార్చాను. కంప్యూటరులో అది చక్కగా పనిచేస్తున్నది. అయితే వాడు తన ఆండ్రాయిడ్ ఫోనులోని ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’లో వేరే సర్వరు పేరు రాసుకోగా, సైట్ల చిరునామాల కోసం ఫోను పంపే విచారణలు 853 పోర్టు (ఒక్కో రకం రాకపోకలకు ఒక్కో అంకెతో ఉండే ద్వారం) గుండా గుప్తంగా వెళ్లి వడపోతను తప్పించుకున్నాయి. (ఈ కిటుకు నేర్పిన స్నేహితుడెవరో గాని, నాకన్నా తెలివైనవాడే.) ఆ పోర్టును మూసివేశాను గాని, బ్రౌజరులోని సురక్షిత డీఎన్‌ఎస్ (బ్రౌజరే గుప్తంగా వేరే సర్వరును అడిగే ఏర్పాటు) మామూలు సైట్లు వాడే 443 పోర్టులోనే నడుస్తుంది కనుక దానిని మూయడానికి వీలులేదు. నా భార్య ఆఫీసు పని కూడా ఈ వైఫై మీదే సాగుతుంది కాబట్టి కట్టడి వాడి ఫోనుకు మాత్రమే ఉండాలి. ఇందుకు రౌటర్‌లోనే మార్గమున్నదా, లేక ఫోనులో ఫ్యామిలీ లింక్ (పిల్లల ఫోనును తల్లిదండ్రులు అదుపు చేసే గూగుల్ యాప్) వంటిది పెట్టక తప్పదా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.