తమ్ముడికి ఏ పాటలు వినిపించాలి? దయచేసి త్వరగా చెప్పండి

అక్క:
మా తమ్ముడికి రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలింది. ఇష్టమైన పాటలు వినిపిస్తే మేలుకుంటాడని ఎవరో చెప్పగా, నిన్న ఉదయం నుంచి ఇయర్‌ఫోన్లు పెట్టి ఆపకుండా వినిపించాము. స్పందన లేకపోగా, సాయంత్రానికి చెమటలు పట్టి గుండె వేగం పెరిగింది. రాత్రంతా వెదికినా సరైన పాటల జాబితా ఎక్కడా దొరకలేదు.

రాగప్రియ:
జాబితా కాదమ్మా, రాగం ముఖ్యం. ఉదయం భూపాలం వినిపించండి. నీలాంబరి జోలపాటల రాగం కనుక దానిని దరి చేరనీయకండి. ఫిన్లాండ్‌లో రోజూ సంగీతం విన్న రోగుల జ్ఞాపకశక్తి మెరుగైందని 2008లోనే ప్రచురించారు.

మితభాషి:
వారు పక్షవాతం వచ్చి స్పృహలో ఉన్న రోగులు. అక్కగారూ, తమ్ముడు కళ్లు తెరుస్తున్నారా? చెవి నుంచి రక్తం గానీ నీరు గానీ కారిందా?

విశ్రాంత నర్సు:
అమ్మా, ముందు ఇయర్‌ఫోన్లు తీసివేయండి. పుర్రె అడుగు భాగం విరిగితే మెదడు చుట్టూ ఉండే ద్రవం చెవి గుండా కారవచ్చు, వినికిడి కూడా పోవచ్చు. అందువల్ల వైద్యులు పరీక్షించి చెప్పేవరకు చెవిలో ఏదీ పెట్టకూడదు. చెమటల విషయం డ్యూటీ డాక్టరుకు ఇప్పుడే చెప్పండి. అది జ్వరం వల్ల, నొప్పి వల్ల కావచ్చు. తీవ్రమైన గాయం తరువాత కొందరిలో చిన్న శబ్దానికే నాడీవ్యవస్థ అతిగా స్పందిస్తుంది.
ఇక పాటల సంగతి. అమెరికాలో థెరీసా పేప్ బృందం 2015లో ప్రచురించిన ప్రయోగంలో వినిపించినవి పాటలు కావు. రోగికి బాగా తెలిసిన సంఘటనలను ఇంటివారే చెప్పి రికార్డు చేసిన కథలు. వాటిని పది నిమిషాల చొప్పున రోజుకు నాలుగుసార్లు, ఆరు వారాలు వినిపించారు. కొంత మేలు కనిపించింది గానీ, పాల్గొన్నవారు 15 మందే కనుక హామీగా తీసుకోకండి. డాక్టరుగారు సరేనంటే, టీవీ ఆపించి, ఇంట్లో పిలిచే పేరుతో పిలిచి కాసేపు మాట్లాడండి. ఆ తరువాత గది నిశ్శబ్దంగా ఉండాలి. రోజంతా మోగే శబ్దంలో ఏ గొంతూ ప్రత్యేకంగా వినిపించదు.

రాగప్రియ:
కోమాలో ఉన్నవారికి కథలైతే మాత్రం ఏమి అర్థమవుతాయి?

మితభాషి:
కళ్లు తెరిస్తే అది కోమా కాదు.

రాగప్రియ:
ఆసుపత్రిలో అందరూ కోమా అనే అంటున్నారు కదా!

విశ్రాంత నర్సు:
అంటారు. కానీ కళ్లు మాత్రమే తెరవడం వేరు, పిలిచినవారి వైపు చూపు తిప్పడం వేరు. కోలుకునే అవకాశాల అంచనా దానిని బట్టి మారుతుంది. గమనించినది సమయంతో సహా రాసిపెట్టండి.

అక్క:
ఇయర్‌ఫోన్లు తీశాము. మొదటి రోజు కుడి చెవి నుంచి కొంచెం రక్తం వచ్చిందని మా మరదలు ఇప్పుడు చెప్పింది. డాక్టరుగారి దగ్గరకు వెళుతున్నాను. ధన్యవాదాలు.

మితభాషి:
కళ్ల సంగతి చెప్పలేదు.