నిరామయ బీమాకు రేషన్ కార్డు తప్పనిసరా?

కావలి_అమ్మ:
బాబుకు సెరెబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు స్వాధీనంలో ఉండవు. సదరం వైకల్య సర్టిఫికెట్ ఉంది. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, రేషన్ కార్డు లేదు. ఫిజియోథెరపీకి నెల్లూరు తీసుకెళ్తున్నాం, ఛార్జీలతో కలిపి జీతంలో సగం దానికే పోతోంది. కాలికి వేసే స్ప్లింట్ కూడా బిగుతైంది, కొత్తది చేయించాలి. కేంద్రం దివ్యాంగులకిచ్చే నిరామయ ఆరోగ్య బీమా వస్తుందా? రాష్ట్రం ఎన్టీఆర్ వైద్యసేవలో థెరపీకి ఇస్తారా?

ఒంగోలు_నాన్న:
కార్డు లేకపోతే ఏదీ రాదమ్మా. మా పాప వైకల్య పింఛను అక్కడే ఆగిపోయింది. నెలకు 6,000 అంటే మాకు చిన్న మొత్తం కాదు.

ఉదయగిరి_మాస్టారు:
పింఛను వేరు, బీమా వేరు. రెండూ కలిపి ఆవిడను భయపెట్టకండి. నిరామయకు ఆదాయ పరిమితి లేదు. దారిద్ర్య రేఖకు దిగువనున్నవాళ్లు చేరడానికి 250, మిగతావాళ్లు 500 కడతారు. ఏడాదికి లక్ష దాకా, ముందస్తు వైద్య పరీక్షలు లేకుండా. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే.

కనిగిరి_తల్లి:
నాలుగింటికేనా? మా అమ్మాయికి పుట్టుకతోనే వినబడదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలు రాశారు కదా, మరి మా పిల్లలేం పాపం చేశారు?

ఉదయగిరి_మాస్టారు:
నిరామయ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కిందిది. ఒక్క చెవుడే ఉంటే అందులోకి రాదు. మీకు వైద్యసేవలో చెవి లోపల వినికిడి పరికరం అమర్చే కాక్లియర్ ఆపరేషన్ ఉంది కదమ్మా.

కనిగిరి_తల్లి:
ఆపరేషన్ ఎప్పుడో అయింది సార్. అసలు ఖర్చు ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ పరికరానికి తల దగ్గర ఉండే కాయిల్ వైరు తెగితే కొత్తది మేమే కొనుక్కోవాలి. అది వచ్చేదాకా పిల్ల పిలిచినా పలకదు. స్పీచ్ థెరపీ సరేసరి. చట్టం చదివి వినిపిస్తే నా కూతురికి వినబడుతుందా?

ఉదయగిరి_మాస్టారు:
నా మీద కేకలేస్తే ఏం లాభం? ట్రస్టులో నమోదైన సంస్థలో ఏళ్ల తరబడి ఈ ఫారాలే నింపాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఒంగోలు_నాన్న:
ఆమె అడిగిందాంట్లో తప్పేముంది మాస్టారూ? ఫారాలు నింపినవాళ్లకు ఇంట్లో బాధ తెలియదు.

ఉదయగిరి_మాస్టారు:
మా తమ్ముడి కొడుకుది ఆటిజం. తెలియదని మీరెట్లా అంటారు?

ఆత్మకూరు_అన్న:
ఈ గొడవ ఆపండి. సదరం మళ్లీ పరిశీలన అంటూ నోటీసులిచ్చారు చూడండి, దాని సంగతి మాట్లాడుకుందాం. మావాడికి వైకల్య శాతం 40 కంటే తక్కువకు తగ్గించారు. నడవలేని పిల్లవాడు ఒక్క ఏడాదిలో బాగుపడ్డాడా? అప్పీలు పెట్టాను.

దర్శి_అక్క:
కావలి అమ్మా, మీరు నిరామయలో చేరండి. మావాడిదీ సెరెబ్రల్ పాల్సీయే, థెరపీ డబ్బులు వచ్చాయి. ముందు మన చేతి నుంచి కట్టి తర్వాత బిల్లు పెట్టుకోవాలి, థెరపీలకు లక్షలో విడిగా ఒక పరిమితి ఉంటుంది. డాక్టరు చీటీలో ఏ థెరపీ, వారానికి ఎన్నిసార్లు అన్నది రాయించుకోండి. మాకు తెల్లకాగితం మీద రాసిచ్చిన రసీదులు వెనక్కొచ్చాయి, ముద్రతో ఉన్న అసలు బిల్లులే తీసుకున్నారు. మార్చి 31తో గడువు అయిపోతుంది, అంతకుముందే రెన్యువల్ చేయించుకోండి.

కనిగిరి_తల్లి:
ఒంగోల్లో కాయిల్ వైరు దొరికే చోటు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పిల్ల బడి మానేసి కూర్చుంది.