చీకటి నిండిన, భవిష్యత్తును తలపించే హిప్‌హాప్: ఏ ఆల్బమ్‌లు వినాలి?

ప్రశ్న:
కెనిబాల్ ఆక్స్ బృందం 2001లో విడుదల చేసిన ‘ది కోల్డ్ వెయిన్’ విన్నప్పటి నుంచి, అంతే చీకటిగా, రాబోయే కాలపు నగరంలోంచి వినిపిస్తున్నట్లుండే అండర్‌గ్రౌండ్ (ప్రధాన స్రవంతికి బయటి) ఆల్బమ్‌ల కోసం వెతుకుతున్నాను. ర్యాప్ వేగం కన్నా బీట్ కల్పించే వాతావరణమే నాకు ముఖ్యం. ఏవి వినమంటారు?

జవాబు:
ఆ ఆల్బమ్‌ను నిర్మించిన ఎల్-పీ దగ్గరే మొదలుపెట్టండి. ఆయన 2002 నాటి సొంత ఆల్బమ్ ‘ఫెంటాస్టిక్ డ్యామేజ్’ మరింత కరకుగా, ఊపిరాడనివ్వకుండా సాగుతుంది. కంపెనీ ఫ్లో బృందంతో 1997లో తెచ్చిన ‘ఫన్‌క్రషర్ ప్లస్’ కూడా వదలకండి.

మరో జవాబు:
చాలామంది ‘డెల్ట్రాన్ 3030’ ఆల్బమ్ పేరు చెబుతారు. కథ 3030వ సంవత్సరంలో నడిచినా, అందులో చీకటి కన్నా చమత్కారమే ఎక్కువని నా అభిప్రాయం. మీరడిగినదానికి క్లిప్పింగ్ బృందం 2016లో తెచ్చిన ‘స్ప్లెండర్ అండ్ మిజరీ’ దగ్గరగా ఉంటుంది. అంతరిక్ష నౌకలో బానిసల తిరుగుబాటు తర్వాత ఒంటరిగా మిగిలిన మనిషి, అతనిపై ప్రేమ పెంచుకున్న నౌక కంప్యూటర్ ఇందులోని పాత్రలు. చాలాచోట్ల మామూలు డ్రమ్స్ స్థానంలో యంత్రాల గరగర, బీప్ శబ్దాలే తాళం వేస్తాయి. సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో పురస్కారానికి 2017లో ఇది నామినేట్ అయింది కూడా.

ఇంకో జవాబు:
వాతావరణమే ముఖ్యమైతే డేలెక్ బృందం 2005లో తెచ్చిన ‘ఆబ్సెన్స్’ వినండి. మాటలు శబ్దపు హోరులో సగం మునిగే ఉంటాయి కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ముందుగా ‘స్ప్లెండర్ అండ్ మిజరీ’ వింటాను.