శుక్రగుళికను ‘బదిలీ’ చేస్తుంది అనొచ్చా?

అకశేరుకాల (వెన్నెముక లేని జీవుల) పునరుత్పత్తి మీద ఒక పాఠం తెలుగులో రాస్తూ రెండు రోజులుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మగజీవి శుక్రగుళికను ఆడజీవికి బదిలీ చేస్తుంది.’ వ్యాకరణానికి వచ్చిన లోటేమీ లేదు. చదివితే మాత్రం కంటికి ఏమీ కట్టడం లేదు. బదిలీ అనగానే ఉద్యోగమో, ఖాతాలో డబ్బో గుర్తొస్తుంది.

ముందు నామవాచకం సంగతి. వీర్యాన్ని ద్రవంగా వదలకుండా తొడుగులో మూసి అందించే జీవులు చాలానే ఉన్నాయి: తేళ్లు, కీచురాళ్లు, రొయ్యలు, ఆక్టోపస్‌లు, కొన్ని జలగలు. ఆ మూసిన ముద్దే ఇంగ్లిషులో స్పెర్మటోఫోర్, నేను శుక్రగుళిక అంటున్నది. గ్రీకులో స్పెర్మా అంటే విత్తనం, ఫోరోస్ అంటే మోసేది. ఈ ఫోరోస్‌కీ, మన భారం, భరించు, భర్త అన్న మాటలకు మూలమైన సంస్కృత ‘భృ’ ధాతువుకీ పుట్టిల్లు ఒకటే. ఆ అర్థం పట్టుకుని శుక్రవాహిక అందామంటే ఆ పేరు ఇప్పటికే ఒంట్లోని నాళానికి ఉంది. శుక్రాశయం అంటే అవయవం. ఇది ఒంట్లోంచి బయటపడి విడిగా నిలిచే వస్తువు కాబట్టి శుక్రగుళికే నయమనిపించింది.

కానీ గుళిక అంటే చిన్న, గట్టి ఉండ. జెయింట్ పసిఫిక్ ఆక్టోపస్‌లో ఇది దాదాపు మీటరు పొడవుంటుంది. స్క్విడ్‌లో సన్నని గొట్టంలా ఉండి, లోపల శుక్రకణాల ముద్ద, దాని ముందు జిగురు, ఆ ముందు చుట్టలు చుట్టుకున్న పొర ఉంటాయి. మూత విడిందంటే లోపలిదంతా తిరగబడి బయటికి తన్నుకొచ్చి, ఎదురుగా ఉన్నదానికి అంటుకుపోతుంది. స్క్విడ్ చచ్చాక కూడా ఆ బిగువు పోదు. సగం ఉడికిన స్క్విడ్ కొరికిన 63 ఏళ్ల కొరియా మహిళకు నాలుకలో, బుగ్గలో, చిగుళ్లలో ఇవి గుచ్చుకున్నాయని 2012లో అక్కడి వైద్యులు ప్రచురించారు. ఇంత యంత్రాంగం ‘గుళిక’లో ఇముడుతుందా?

ఇక క్రియ. నా అసలు గోడు ఇదే. ఒక్కో జీవి చేసే పని ఒక్కోటి.

మగ తేలు ఆడ తేలు పట్టుకొమ్ములను (ముందుండే పట్టకార్ల లాంటి అవయవాలను) తన పట్టుకొమ్ములతో పట్టుకుని ముందుకీ వెనక్కీ నడిపిస్తుంది. గట్టి నేల దొరికాక గుళికను అక్కడ నిలబెట్టి, ఆడదాన్ని సరిగ్గా దాని మీదికి లాగుతుంది. పైనుంచి ఒత్తిడి పడగానే శుక్రం లోపలికి చేరుతుంది. ఇది నాటడం. కీచురాయిదైతే తగిలించడం: జతకట్టాక ఆడదాని తోక దగ్గర చిన్న తెల్లపూసలా వేలాడుతుంటుంది. లోపలిది సన్నని గొట్టం గుండా దిగుతుండగానే ఆడది వంగి దాన్ని తినేయడం మొదలుపెడుతుంది. జలగల్లో కొన్ని ఎదుటిదాని చర్మానికి అంటించేస్తాయి, అక్కణ్ణుంచి శుక్రకణాలు కండలోంచి దారి చేసుకుంటాయి. మట్టిలో బతికే స్ప్రింగ్‌టెయిల్‌ అనే చిట్టి జీవులలో చాలా రకాలు కాడ మీద బొట్టులా పెట్టి వెళ్లిపోతాయి. ఆడది ఎప్పుడో ఆ దారిన వచ్చి తీసుకుంటుంది. దీన్ని బదిలీ అని ఎలా అనను?

సీతాకోకచిలుకల దగ్గర ఆ వాక్యం ఏకంగా తప్పయిపోతుంది. అక్కడ మగది స్రావాలు అందిస్తుంది, గుళిక రూపుకట్టేది ఆడదాని లోపలి సంచిలోనే.

వ్యాఖ్య: జంతుశాస్త్రం చెబుతాను. మీరు చెప్పిన తేడాలన్నీ నిజమే, కానీ శీర్షికకు అన్నిటినీ కలిపే ఒక్క మాట కావాలి. ‘అందజేత’ ఎలా ఉంటుంది? మీటరు పొడవున్నా, చుట్టలున్నా గుళికను మార్చకండి. పరిభాషలో మాట అర్థం కన్నా వాడుకే గట్టిది. పిల్లలు రెండు పేర్ల మధ్య నలిగిపోతారు.

బదులు: అందజేత బాగుంది, శీర్షికకు అదే పెడతానండీ. చెయ్యి చాచి ఇచ్చే ఆక్టోపస్‌కైతే అతికినట్టుంది. ఆ చేతికీ ఒక కథ ఉంది. ఆర్గొనాట్ అనే ఆక్టోపస్ జాతిలో శుక్రాన్ని మోసే ఆ చెయ్యి తెగి ఆడదాని దగ్గరే ఉండిపోతుంది. దాన్ని చూసి ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యూవియే పరాన్నజీవి పురుగనుకుని, 1829లో హెక్టోకోటైలస్ అని పేరుపెట్టాడు. నూరు గిన్నెలది అని అర్థం, చేతి మీద గిన్నెల్లా ఉండే చూషకాల వరసను చూసి. పొరపాటు తేలాక కూడా పేరు అలాగే నిలిచింది. వాడుకే గట్టిదన్న మీ మాటకు ఇంతకన్నా సాక్ష్యం నేను చూపలేను. గుళికను ఉంచేస్తాను.

వ్యాఖ్య: పరిభాష సరే, మామూలు పాఠకుల కోసం రాసేటప్పుడు ‘విత్తుభరిణ’ అంటే? మూత ఉంటుంది, లోపల విలువైనది ఉంటుంది.

బదులు: ఇది నన్ను పట్టేసింది. గ్రీకులో స్పెర్మా వచ్చింది విత్తడం అనే క్రియలోంచే, మన విత్తు కూడా అటు పేరు, ఇటు క్రియ. మొక్కల విత్తనమని పొరబడే ప్రమాదం ఉంది కనుక మొదటిసారి వాడినచోట ఒక వివరణ వాక్యం తప్పదు. పాఠంలో శుక్రగుళిక ఉంటుంది, పక్కన పెట్టెకట్టి రాసే తేలు కథలో విత్తుభరిణ వస్తుంది. అందులో మొదటి వాక్యం ఇప్పుడిలా మార్చాను: ‘మగ తేలు విత్తుభరిణను నేల మీద నాటి, చేతులు వదలకుండా ఆడ తేలును దాని మీదికి నడిపిస్తుంది.’ ‘చేతులు’ అనొచ్చా, ‘పట్టుకొమ్ములు’ అనే ఉంచాలా, అది చెప్పండి.